ఆ నలభై ఫారాలు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. ఎమ్మే సోషియాలజీ చివరి ఏడాది. సవర గిరిజనుల గురించి మన ఊళ్లో దుకాణదారులు, ఇళ్ల యజమానులు ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ముగ్గురం కలిసి సర్వే చేశాం. ఇల్లు అద్దెకిస్తారా, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెడతారా, కొట్లో పనికి పెట్టుకుంటారా వంటి ప్రశ్నలు. మనిషికి 40 చొప్పున 120 ఫారాలు. మాలో ఒకబ్బాయి తన వంతు రెండు రోజుల్లో తెచ్చేశాడు. ఆ 40లో ఎవరూ ‘తెలీదు’ అనలేదు, ఒక్క గడీ ఖాళీ లేదు. అందరూ సవరలకి ఇల్లిస్తామన్నవాళ్లే. మా హాస్టల్ స్నేహితురాలు సవరమ్మాయి. గది కోసం నాలుగిళ్లు తిరిగితే నాలుగు చోట్లా లేదన్నారు, నేను పక్కనే ఉన్నాను. గైడ్ గారికి చెబితే ‘సబ్మిషన్ దగ్గర పడింది, వదిలెయ్యమ్మా’ అన్నారు. జాతి వివక్ష మీద యూరప్‌లో పెద్ద ప్రొఫెసరే దొంగ లెక్కలు రాశాడని చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. అయితే ఇలాంటి పరిశోధనలన్నీ అబద్ధాలేనా? నేనేం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకుండా నీకు సలహా ఇచ్చే అర్హత నాకు లేదు.

కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పకముందు నేను సర్వే ఇన్వెస్టిగేటర్‌ని. ఒక వానాకాలం గుణుపురంలో మకాం. వంశధార పొంగింది. అవతలి ఒడ్డున సవర గూడెంలో ఏడిళ్లు సర్వే చెయ్యకుండా మిగిలిపోయాయి. రెండు రోజులు చూసి, మూడో రోజు టీ కొట్టు అరుగు మీద కూర్చుని ఆ ఏడు ఫారాలూ నేనే నింపేశాను. ఇళ్లన్నీ ఒకలాంటివే కదా, ఏం తేడా వస్తుందిలే అనుకున్నాను.

మా సూపర్‌వైజర్ గారు పెద్దాయన. కాగితాలు తిరగేస్తూ వయసు గడి దగ్గర ఆగారు. ‘ఈ ముసలమ్మకి 67 అని ఎవరు చెప్పారు బాబూ?’ అన్నారు. ఆవిడే చెప్పిందన్నాను. ఆయన మిగతా ఊళ్ల ఫారాలు నా ముందు పరిచారు. 40, 45, 60, 35, 50, 70. పుట్టిన తేదీ కాగితం మీద లేని మనిషి వయసు అడిగితే ‘నలభై ఉంటాయేమో’ అంటాడు, సున్నాకో ఐదుకో సర్దేస్తాడు. నా ఏడు ఫారాల్లో మాత్రం 67, 43, 38, 52. నిజమనిపించాలని వెతికి వేసిన అంకెలు. అవే నన్ను పట్టించాయి.

ఆయన తిట్టలేదు. వరద తగ్గాక నన్ను వెంటబెట్టుకుని ఆ గూడేనికి తీసుకెళ్లారు. నేను ‘రెండు పూటలా అన్నం’ అని రాసిన ఇంట్లో ఆ ముసలమ్మ పొయ్యి మీద చోడి అంబలి పలచగా కాస్తోంది. ఇంట్లో ఇంకేమీ లేదు. ‘ఎన్ని నెలలు ఇలా?’ అని ఆయన అడిగితే వేళ్లు ముడిచి చూపించింది. మూడు. ఆ మూడు నెలల ఆకలిని నేను అరుగు మీద కూర్చుని కొట్టేశాను. ఆ వేళ్లు నాకిప్పటికీ కళ్ల ముందే ఉన్నాయమ్మా.

అందుకే నీ దగ్గరున్న ఆ 40 ఫారాలు చిన్న విషయం కాదంటున్నాను. నీ స్నేహితురాలు నాలుగు గుమ్మాల దగ్గర విన్న ‘లేదు’ వాటిలో ‘అవును’ అయిపోయింది. రేపు ఎవరైనా ఆ డిసర్టేషన్ చూపించి, ‘పర్లాకిమిడిలో వివక్ష ఎక్కడుంది?’ అంటే ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి?

నువ్వు చదివింది డీడెరిక్ స్టాపెల్ గురించే అయ్యుంటుంది. నెదర్లాండ్స్‌లో టిల్‌బర్గ్ యూనివర్సిటీ ప్రొఫెసర్. ఉట్రెక్ట్ రైల్వే స్టేషన్‌లో చెత్త పేరుకుపోయి ఉన్నప్పుడు, తెల్లవాళ్లు నల్లజాతి మనిషికి మరింత దూరంగా కుర్చీ చూసుకుని కూర్చున్నారని 2011 ఏప్రిల్‌లో ‘సైన్స్’ పత్రికలో రాశాడు. చెత్త ఎత్తేస్తే వివక్ష తగ్గుతుందన్నమాట. వినడానికి ఎంత బాగుందో చూడు, పేపర్లన్నీ రాశాయి. ఆ కుర్చీల లెక్క ఆయన కల్పించుకున్నది. అదే ఏడాది సెప్టెంబరులో సస్పెండ్ అయ్యాడు, ఏడాది తిరక్కుండానే పత్రిక ఆ పేపర్ని వెనక్కి తీసుకుంది. తర్వాత విచారణలో 50కి పైగా పేపర్లలో మోసం తేలింది. తన దగ్గర పీహెచ్‌డీ చేసే పిల్లలకి కూడా కల్పించిన డేటానే చేతికిచ్చేవాడు. ఏ పాపం తెలియని ఆ పిల్లల థీసిస్‌లూ మైలపడ్డాయి. నాకు ఆయన మీదకన్నా ఆ పిల్లల మీదే మనసు పోతుంది.

ఆయన్ని పట్టుకున్నది ముగ్గురు కుర్ర పరిశోధకులు. నెలల తరబడి లెక్కలు చూసి, ఆధారాలు కూడగట్టుకుని, అప్పుడు డిపార్ట్‌మెంట్ హెడ్‌కి చెప్పారు. నువ్వూ తొందరపడి ఎవరినీ దొంగ అనకు. ఆ అబ్బాయినే అడుగు: ‘నువ్వెళ్లిన వీధికి నన్నూ తీసుకెళ్లు, ఓ పది కొట్లు మళ్లీ చూద్దాం.’ నిజంగా తిరిగినవాడైతే వస్తాడు. ఈలోగా అతని ఫారాల్లో వయసు గడి చూడు. కొట్లో కూర్చున్న పెద్దాయన ఈ రోజుల్లో సరైన వయసు చెప్పొచ్చు, అందుకని ఆ ఒక్కటీ చూసి తేల్చెయ్యకు. మీ ఇద్దరి 80తో పోల్చు. మీకు ‘తెలీదు’లు ఎన్ని, చిరాకుపడి మధ్యలో లేచిపోయినవాళ్లు ఎందరు? మనుషుల్ని అడిగితే ఇవి వచ్చి తీరతాయి.

ఫారాలు నిలబడకపోతే తీసెయ్యండి. 80తోనే రాయండి, ఎందుకు 80 అయ్యాయో అందులోనే రాయండి. గైడ్ గారికి ఈసారి నోటితో కాదు, కాగితం మీద రాసివ్వు, ఒక కాపీ నీ దగ్గర పెట్టుకో. అమెరికాలో జస్టిన్ పికెట్ అనే ఆయన 2019లో తన పేరు కూడా ఉన్న పేపర్నే అనుమానించి బయటికొచ్చాడు. హిస్పానిక్ జాతివాళ్లకి, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లకి, శిక్ష వేసేటప్పుడు వాళ్ల జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని జనం సమర్థిస్తారా అన్నది అందులో విషయం. అచ్చులో 1,184 మందిని అడిగామని ఉంది. ఆయన చేతికొచ్చిన డేటా ఫైల్లో ఉన్నది 500 మందే. ఆ పేపర్ రద్దయింది. నువ్వు 80 చేతిలో పెట్టుకుని 120 అని అచ్చువేస్తే, ఆ 1,184 లాంటి అంకె నీ పేరు కిందా పడుతుంది. మార్కులు తగ్గితే తగ్గుతాయమ్మా. నేనైతే తగ్గనిస్తాను.

ఇక, అన్నీ అబద్ధాలేనా అన్నావు. కాదు. ఉట్రెక్ట్ కుర్చీలు అబద్ధమైతే వివక్ష అబద్ధమైపోదు. మన దేశంలోనే సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఒకే రకం చదువులున్న దరఖాస్తుల్ని అగ్రవర్ణ, దళిత, ముస్లిం పేర్లతో ప్రైవేటు కంపెనీలకి పంపి చూశారు. దళిత, ముస్లిం పేర్లకి పిలుపులు తక్కువొచ్చాయి. 2007లో అచ్చయింది. ఇంకొకటి చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. స్వలింగ వివాహాల మీద జనం మనసు ఇంటింటి సంభాషణతో మారుతుందని 2014లో ఒక పేపర్ వచ్చింది. బ్రూక్‌మన్, కాలా అనే ఇద్దరు అలాంటిదే చెయ్యబోయి ఆ సర్వే చేసిందన్న కంపెనీకి ఫోన్ చేస్తే, మాకు తెలీదన్నారు. 2015లో ఆ పేపర్నీ పత్రిక వెనక్కి తీసుకుంది. వాళ్లిద్దరూ అక్కడితో ఊరుకోలేదు. మయామీలో నిజంగా తలుపులు తట్టించారు, ఈసారి ట్రాన్స్‌జెండర్ల గురించి. పది నిమిషాల మాటలు జనంలో మార్పు తెచ్చాయని, మూడు నెలల తర్వాతా అది నిలిచిందని 2016లో చూపించారు.

నీకు గడువు ఎన్ని రోజులుందో రాయలేదు. వారం ఉన్నా చాలు, ఆ 40లో సగమైనా మళ్లీ తిరగొచ్చు. మధ్యాహ్నం రెండింటికి వెళ్లు, బేరాలు తగ్గి కొట్టువాళ్లు తీరిగ్గా మాట్లాడతారు. నీ స్నేహితురాల్ని మాత్రం సర్వేకి వెంట తీసుకెళ్లకు. ఆమె ఎదురుగా ఎవరూ మనసులో మాట చెప్పరు, చెబితే ఆమె తట్టుకోవాలి. ‘తెలీదు’ అన్నవాళ్లకి తెలీదనే రాయి. తలుపు వేసేసుకున్నవాళ్లకి తలుపు వేసేసుకున్నారనే రాయి.