ఏటిమొగ రేవు దాటే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఎదురుమొండి దీవి గురించి రాయబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. విజయవాడ నుంచి కరకట్ట మీదుగా అవనిగడ్డ, అక్కడి నుంచి నాగాయలంక, ఏటిమొగ రేవు. ఆపైన పంటు ఎక్కి కృష్ణ పాయ దాటాలి. మనకు ఇంత దగ్గరలో ఉండి, ఇంత తక్కువగా రాతకెక్కిన చోట్లు అరుదు. తుఫాను హెచ్చరిక వస్తే తప్ప ఆ దీవుల పేర్లు పత్రికల్లో కనిపించవు. అదే నాగాయలంక మండలంలోని గుల్లలమోద సంగతి చూడు. క్షిపణి పరీక్ష కేంద్రం పెడతామన్నాకే ఆ ఊరొకటి ఉందని బయటివాళ్లకు తెలిసింది. అక్కడివాళ్లు ఏం తింటారు, ఏ వల వేస్తారు, పిల్లలు ఏ బడికి వెళ్తారు అని అడిగినవాళ్లు ఎంతమంది? తీర మండలాల్లో బడిపంతులుగా పనిచేస్తూ ఊళ్ల సంగతులు సేకరించినవాణ్ని కాబట్టి, నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

బయలుదేరే ముందు కాగితాలు చూడు. కానీ జనాభా లెక్కల పుస్తకంలో కనిపించేది రెవెన్యూ గ్రామమని మరచిపోకు. పల్లెపాలేలు చాలావరకు దాని శివార్లు. వాటి ఇళ్లూ మనుషులూ పెద్ద ఊరి అంకెల్లో కలిసిపోతాయి. 2011 లెక్కల్లో ఒక పేరు లేనంత మాత్రాన అక్కడ ఊరు లేదని రాయకు. శివారు పల్లె సంగతి కావాలంటే అంగన్‌వాడీ కార్యకర్తను కలువు. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎవరు వలస పోయారు, ఎవరు తిరిగివచ్చారు అన్నది ఆమెకు తెలిసినంతగా మండల కార్యాలయంలో ఎవరికీ తెలియదు. పాత కైఫియత్తులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, కూడా తిరగెయ్యి. రెండు వందల ఏళ్ల కిందట కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు సేకరించినవి మన దగ్గరున్న గొప్ప నిధి. అయితే వాటిలో ఎక్కువగా ఉన్నవి గుళ్లు, మాన్యాలు, ఏలినవారి వంశాలు. మాన్యమూ శాసనమూ లేని పల్లెవాళ్ల కథ అక్కడ దొరుకుతుందని ఆశ పెట్టుకోకు. అది మనుషుల నోటే వినాలి.

ఎప్పుడు వెళ్లాలని అడిగావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో ఇంజను పడవల వేట నిషేధం. ఎండ మండిపోతుంది నిజమే, కానీ మగవాళ్లు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా ఉండేది అప్పుడే. తుఫాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం వెళ్లి ఇబ్బంది పడకు, వాళ్లనూ ఇబ్బంది పెట్టకు. వేట రోజుల్లో వెళ్తే గడియారం పక్కన పెట్టి పోటుపాట్లు చూసుకో. అవి రోజుకు రెండేసి సార్లు వస్తాయి, ప్రతి రోజూ ముందురోజు కన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్యకు, పౌర్ణమికి నీళ్లు ఎక్కువగా పొంగుతాయి. ఉదయం పదింటికి కలుస్తానని మాట తీసుకుంటే ఆ వేళకు మనిషి మడ కాలువలో ఉండవచ్చు. "పాటు ఎప్పుడు, వల ఎప్పుడు తీస్తారు" అని అడిగి, దాన్నిబట్టి వెళ్లు. తాగే నీళ్లు నీవే తీసుకెళ్లు. చుట్టూ నీళ్లే అయినా, మంచినీళ్ల బిందె విలువ అక్కడి ఆడవాళ్లకే తెలుసు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఉప్పెనతో మొదలుపెట్టకు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన వేలమందిని మింగింది. సొర్లగొంది వంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పుడు పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. బయటినుంచి వచ్చిన ప్రతివాడూ ఆ రాత్రి గురించే అడిగాడు. చెప్పిచెప్పి ఆ కథ వాళ్ల నోట ఒకే వరుసలో వస్తుంది. దాని వెనకాల ఒక మనిషి ఉన్నాడన్నది నీకు అందదు. నువ్వు అంతకు ముందు సంగతులు అడుగు. నూలు వలలు పోయి నైలాను వలలు ఎప్పుడొచ్చాయి? మొదటి ఇంజను పడవ ఎవరిది? ఐసు రాకముందు చేపను ఏం చేసేవాళ్లు? ఎండబెట్టినప్పుడు అమ్మకం ఎవరి చేతిలో ఉండేది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? మండపీత ప్రాణాలతో చెన్నై దాకా పోతుంటే పట్టినవాడికి ఎంత మిగులుతోంది, అప్పు పెట్టిన షావుకారుకు ఎంత పోతోంది? ఈ ప్రశ్నల్లోంచే ఊరు బయటికి వస్తుంది. ఏళ్లు గుర్తులేవంటే "ఉప్పెనకు ముందా, తర్వాతా" అని అడిగితే చాలు, ఆ రాత్రి ప్రస్తావన దానంతట అదే వస్తుంది. వాళ్లంతట వాళ్లు చెబితే విను. కన్నీళ్లు పెట్టుకుంటే ఫోను కింద పెట్టు.

ఆడవాళ్లతో విడిగా కూర్చో. అరుగు మీద మగవాళ్లున్నప్పుడు వాళ్లు మాట్లాడరు. పీతలు ఏరేది, రొయ్య వలిచేది, షావుకారు లెక్క గుర్తుపెట్టుకునేది చాలా ఇళ్లలో వాళ్లే. నీకు పిన్ని వయసువాళ్లను పిన్నీ అనే పిలువు, మేడమ్ అని పిలిపించుకోకు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. ఆ పరిసరాల మడ అడవిలో చాలా భాగం 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యం కిందికి వస్తుంది. నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్ల గురించి, బావురుపిల్లి గురించి, ఒడ్డున గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల గురించి ఎంతైనా రాయి. కానీ ఫలానా ఇంటివాళ్లు ఫలానా కాలువలో వంటచెరకు తెచ్చుకుంటారని, పీతలు బాగా దొరికే చోటు ఇదని పేర్లతో రాయకు. నీకు అదొక వివరం, వాళ్లకు కేసు కావచ్చు, లేదా బయటి వేటగాళ్లు వచ్చి పడవచ్చు. నమ్మి చెప్పినదంతా అచ్చుకు ఇచ్చేది కాదు.

ఒడ్డు కోత గురించి మాత్రం గట్టిగా, పూర్తిగా రాయి. ఏటా కొంత నేల నీళ్లపాలవుతోందని అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. సముద్రాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టకు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ, ఆ పైన నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాలు నీటితోపాటు ఒండ్రునూ ఆపేస్తున్నాయి. దీవులను కట్టిన మట్టే రాకపోతే అలలు కోసుకుపోయినది పూడేదెలా? 1970ల నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒకే చోటువి నాలుగైదు తీసి, అచ్చువేసి ముసలివాళ్ల ముందు పరుచు. పోయిన దిబ్బల పేర్లు, పోయిన ఇళ్ల వరుస వాళ్లే వేలుపెట్టి చూపిస్తారు. రేపు ఇల్లు కోల్పోయి వేరే స్థలం అడగాల్సి వస్తే, "ఇక్కడ మా ఊరు ఉండేది" అని చూపించడానికి ఆ పటం పనికొస్తుంది. నీ రాతవల్ల వాళ్లకు కలిగే పెద్ద మేలు అదే కావచ్చు.

అచ్చుకు ఇచ్చేముందు పెద్ద అక్షరాల్లో ఒక ప్రతి తీసుకుని మళ్లీ పంటు ఎక్కు. సాయంత్రం నలుగురు చేరేచోట గట్టిగా చదివి వినిపించు. తప్పులు వాళ్లే పట్టుకుంటారు, తీసెయ్యమన్నవి తీసెయ్యి. దిద్దిన ప్రతులు పంచాయతీకి ఒకటి, బడికి ఒకటి, అవనిగడ్డ గ్రంథాలయానికి ఒకటి ఇవ్వు. నాచుగుంట, ఈలచెట్లదిబ్బ వాళ్లు "మా గురించి ఎప్పుడు రాస్తారు" అని తప్పకుండా అడుగుతారు. మాట ఇచ్చే ముందు నాకొకసారి ఫోను చెయ్యి, ఆ రెండు ఊళ్లలో ఎవరిని కలవాలో చెబుతాను.

నీ మామయ్య