ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు: ఈ పిల్లల లెక్క ఎక్కడ?

ప్రశ్న: మా బాబు ఇక్కడ ఒక ప్రభుత్వ స్కూల్లో మూడో తరగతి. వాడి క్లాసులో ఇంట్లో ఒడియా, ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలు చాలామందే ఉన్నారు. అలాంటివాళ్ళు ఎంతమంది, వాళ్ళకి చదువు ఎలా వస్తోందని పేరెంట్స్ కమిటీలో అడిగితే "అన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయమ్మా" అన్నారు. ఎంత వెతికినా కనబడలేదు. ఎక్కడ చూడాలండీ?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీరు సరిగ్గానే వెతికారమ్మా, అది అక్కడ లేదు. ప్రతి స్కూలుకీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, అంటే దేశంలోని బడుల వివరాలన్నీ ఎక్కించే సర్కారు వ్యవస్థలో ఆ బడి నంబరు. దాంతో ఆన్‌లైన్‌లో చూస్తే పిల్లలెందరు, టీచర్లెందరు, ఏ మీడియం, మరుగుదొడ్లు ఉన్నాయా అన్నీ వస్తాయి కానీ పిల్లల ఇంటి భాషల లెక్క రాదు. అలాగని సర్కారు దగ్గర లేదా అంటే, ఉంది. 2022-23 నుంచి ఒక్కో విద్యార్థి వివరాలు విడిగా ఎక్కిస్తున్నారు, అందులో మాతృభాష గడి కూడా ఉంది.

ఆ గడిలో ఏం రాస్తున్నారన్నదే నా బాధ. విజయవాడలో ఒక బడిలో అడ్మిషన్ రిజిస్టర్ చూశాను. మాతృభాష వరసలో పైనుంచి కిందిదాకా ఒకటే చేతిరాత, ఒకటే పెన్ను: తెలుగు, తెలుగు, తెలుగు. అదే పేజీలో ఒక పాప తండ్రి సొంతూరు బలంగీర్, ఒడిశా. రేపు ఆ పాప వాచకం చదవలేకపోతే మొద్దు అనేస్తారు, భాష కొత్తని ఎవరికి తడుతుంది?

ఇలాంటి లెక్కలు బయటపెట్టే చోట్లూ ఉన్నాయి. అమెరికాలో 2015లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ ఏటా రిపోర్ట్ కార్డులు ఇవ్వాలి, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లల ఫలితాలు విడిగా చూపించాలి. మరీ కొద్దిమందే ఉన్నచోట ఎవరిదో తెలిసిపోతుందని అంకె బయటపెట్టరు. మనకీ ఆ జాగ్రత్త కావాలి.

అందుకే పేర్లు అడక్కండి. తరగతివారీగా ఏ భాష పిల్లలెందరు, అందులో చదవడం వచ్చినవాళ్ళెందరు, ఇంతే అడగండి. అడిగినట్టు కమిటీ మీటింగ్ మినిట్స్‌లో రాయించండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. వీలైనంతవరకు పాఠాలు మాతృభాషలోనే చెప్పాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటోంది కాబట్టి ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

ఇంకోటి. జూన్‌లో అడ్మిషన్లప్పుడు ఒక పూట బడికి వెళ్ళి ఆ తల్లుల పక్కన కూర్చోండి. "ఇంట్లో ఏం మాట్లాడతారమ్మా" అని అడిగి, వాళ్ళు చెప్పిందే ఫారంలో రాయించండి.