సప్లై చైన్ సెక్యూరిటీ అంటే లారీల పని కాదు

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. విజయవాడలో ఇంటర్న్‌షిప్ చేసి వచ్చినప్పటి నుంచి సప్లై చైన్ సెక్యూరిటీలోకి వెళ్తానంటోంది. సరుకు రవాణాకు ఇంజినీరింగ్ ఎందుకండీ? అందులో ఉద్యోగాలుంటాయా?

జవాబు: అమ్మాయి చెబుతున్న సరుకు లారీలకెక్కేది కాదండీ. నేడు సాఫ్ట్‌వేర్ రాసేవారు ఇతరులు ఉచితంగా అందుబాటులో ఉంచిన ప్యాకేజీలను (సిద్ధంగా ఉన్న కోడ్ మూటలను), పైథాన్ భాషకైతే పైపీఐ అనే భండారం నుంచి, జావాస్క్రిప్ట్‌కైతే ఎన్‌పీఎం నుంచి దించుకుని, వాటిమీద తమ కోడ్ కట్టుకుంటారు. ఒక్క ప్యాకేజీ అడిగితే దాని వెంట మరికొన్ని వస్తాయి; వాటిలో చాలావాటి పేర్లు కూడా దించుకున్నవారికి తెలియవు. ఈ గొలుసులో చెడ్డ కోడ్ చొరబడకుండా చూడడమే సప్లై చైన్ సెక్యూరిటీ.

టిక్కీ (మిర్చి బస్తా) మీద 'తేజ' రకం అని రాసి ఉన్నంత మాత్రాన మీరు ధర కట్టరు, కాయ తీసి చూస్తారు. ప్యాకేజీ పేరు, వెర్షన్ నంబరు మాత్రమే రాసుకోవడం టిక్కీ మీది రాతను నమ్మడం వంటిది. హ్యాష్ అనేది ఫైలులోని సమస్తాన్నీ లెక్కించి తీసిన వేలిముద్ర. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో దానిని అంకెలు, అక్షరాలు కలిసిన 64 గుర్తుల వరుసగా రాస్తారు. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. దానిని ముందే నమోదు చేసి ఉంచితే, వచ్చిన ఫైలు సరిపోలనప్పుడు ఇన్‌స్టలేషన్ అక్కడే ఆగుతుంది.

2021లో కోడ్‌కవ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ వారి బాష్ అప్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామును దుండగులు జనవరి 31 నుంచే మార్చి ఉంచగా, ఒక వినియోగదారుడు తాను దించుకున్న ఫైలు హ్యాష్‌ను ప్రచురిత హ్యాష్‌తో పోల్చి చూడడం వల్ల ఏప్రిల్ 1న ఆ సంగతి బయటపడింది. 2025 మార్చిలో కోడ్ దాచి పంచుకునే వేదిక గిట్‌హబ్‌లోని టీజే-యాక్షన్స్ అనే సాధనం విషయంలో వెర్షన్ ట్యాగులనే (వెర్షన్ పేరుతో తగిలించిన గుర్తులనే) హానికరమైన కోడ్ వైపు తిప్పారు. ట్యాగును నమ్మక, అంతకు ముందటి మంచి కమిట్ (నమోదైన కోడ్ మార్పు) హ్యాష్‌ను పిన్ చేసుకున్నవారికి, అంటే అదే కావాలని ఖాయం చేసుకున్నవారికి, ఆ బెడద తప్పింది.

అయితే హ్యాష్ సరిపోలితే నిన్న చూసిన సరుకే నేడు వచ్చిందని తెలుస్తుందే తప్ప, ఆ సరుకు మంచిదని తెలియదు. 2024లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లను విడుదల చేసినవారే వాటిలో దొంగదారి పెట్టారు కనుక, అక్కడ హ్యాష్ తనిఖీ చేసినా అక్కరకు రాదు. పైగా పిన్ చేసి వదిలేస్తే పాత లోపాలు అలాగే ఉండిపోతాయి. ఏ మార్పును రానివ్వాలో చదివి నిర్ణయించే మనిషి కావాలి. అమ్మాయి కోరుకుంటున్న ఉద్యోగం అదే.

నా అంచనాలో ఈ పేరుతో ఫ్రెషర్లకు నేరుగా ఉద్యోగం దొరకడం అరుదు. డెవలపర్‌గానో, సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసి నడిపే డెవాప్స్ విభాగంలోనో చేరి, రెండు మూడేళ్ల తరువాత ఇటు రావడం సహజమైన దారి. సాఫ్ట్‌వేర్‌లోని భాగాల జాబితా, అంటే ఎస్‌బామ్, తయారీపై కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2024లో మార్గదర్శకాలు విడుదల చేసింది కనుక, మన దేశంలోనూ ఈ పని తెలిసినవారి అవసరం పెరుగుతుందనే అనుకుంటున్నాను.

ప్రస్తుతానికి బెంజి సర్కిల్ దగ్గరి హోర్డింగులు చూసి ఖరీదైన కోర్సులకు డబ్బు కట్టకండి. తన కాలేజీ ప్రాజెక్టులోనే పైథాన్ ప్యాకేజీలను దించే పిప్‌కు తోడుగా వాడే పిప్-టూల్స్‌తో ప్రతి ప్యాకేజీకీ హ్యాష్ రాయించి, హ్యాష్ లేనిదేదీ చేరకుండా పిప్‌కు ఆంక్ష పెట్టమనండి. ఆపైన ఒక హ్యాష్‌లో ఒక్క అంకెను కావాలనే మార్చి, ఇన్‌స్టలేషన్ ఎక్కడ, ఎందుకు ఆగిందో ఇంటర్వ్యూలో చూపించి వివరించగలిగితే, సర్టిఫికెట్ కంటే ఆ పది నిమిషాలే ఆమెకు ఎక్కువ ఉపయోగపడతాయి.