థార్ టాపు మీద లైట్ బార్: పెట్టించే ముందు ఒక మాట

పాడేరు, లంబసింగి వైపు రాత్రిపూట తిరుగుతుంటారు, థార్ టాపు మీద 50 అంగుళాల ఎల్‌ఈడీ బార్ పెట్టించాలి, ఏది కొనాలి, ఎలా బిగించాలి అని కదా మీరు అడిగింది. బిగించడం సంగతి చెప్తాను గానీ, నన్నడిగితే టాపు మీద వద్దే వద్దు. మన ఏజెన్సీ కొండల్లో మరీను.

మా బావమరిది మీలాగే ముచ్చటపడి పెట్టించాడు. డిసెంబర్‌లో వంజంగి కొండ మీద మేఘాలు చూద్దామని పాడేరు నుంచి చీకటితోనే బయల్దేరాం. మట్టిదారి ఎక్కగానే బార్ వేశాడు. చెట్ల మీద ఆకులు కూడా లెక్కపెట్టొచ్చు, అంత వెలుగు. వాడి ఆనందం చూడాలి. రెండు మలుపులు తిరిగామో లేదో మంచు దిగింది. అద్దం ముందు ఎవరో తెల్లపంచె ఆరేసినట్టయింది. దారి లేదు, లోయ లేదు, బానెట్ చివర కూడా లేదు. బండి ఆపేశాడు. వెనకాల వస్తున్న లోకల్ జీపు డ్రైవర్ దిగొచ్చి, "ఆ పైలైటు ఆపీండి బాబూ, మీకూ కనబడదు, మాకూ కనబడదు" అన్నాడు. ఆపి, డిమ్‌లో పెట్టాక దారి అంచు కనిపించింది. ఆ జీపుకి బంపర్ కింద రెండు పాత పసుపు లైట్లు, అంతే. అతణ్ణి ముందు పోనిచ్చి వెనకాలే ఎక్కాం.

టాపు మీది లైటు మీ కంటికి కాస్త పైనే ఉంటుంది. మంచు మీద పడ్డ వెలుగు వచ్చిన దారినే వెనక్కొచ్చి సూటిగా కళ్ళలో కొడుతుంది. బంపర్ దగ్గరిదైతే ఆ వెలుగు చూపుకి కిందే ఉండిపోతుంది. పసుపు రంగు మంచును చీల్చేస్తుందని షాపుల్లో చెప్తారు, నమ్మకండి. మంచు చుక్కల ముందు తెలుపైనా పసుపైనా ఒకటే. పసుపు కంటికి కాస్త హాయి, అంతకుమించి ఏం లేదు.

ఇంకో మోసం వాట్లు. డబ్బా మీద 300 వాట్లని ఉంటుంది. కొనేముందు క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూపే డీసీ మీటరు) పెట్టించి చూడండి. 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లే లాగితే అది 60 వాట్ల లైటు, మిగతాది స్టిక్కరు.

అయినా పెట్టిస్తానంటారా? బొలెరోకైతే టాపు అంచున వాననీళ్ళ గాడి ఉంటుంది, క్లాంపులు పట్టించేస్తే చాలు. మూడు డోర్ల థార్ హార్డ్‌టాప్ ఫైబరుది, దానికి రంధ్రాలు వేయనివ్వకండి. ఏ-పిల్లర్ (ముందు అద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభం) బ్రాకెట్లు దొరుకుతాయి, వాటికి బిగించండి. రేకు టాపు అయినా సరే, వైజాగ్ ఉప్పుగాలికి రంధ్రం పడ్డచోట తుప్పు ఆగదు. బార్ బాగా ముందుకొస్తే బానెట్ మెరిసి కళ్ళు చెదురుతాయి, వీలైనంత వెనక్కి జరపండి. స్పీడులో ఈల వేస్తుంది. బార్ చుట్టూ సన్నతాడు మెలికలుగా చుడితే తగ్గుతుంది.

కరెంటు విషయంలో కక్కుర్తి పడొద్దు. హెడ్‌లైట్ వైరు కోసి అతికించే ఎలక్ట్రీషియన్ దగ్గర్నుంచి బండి వెనక్కి తెచ్చేసుకోండి. బ్యాటరీ నుంచి విడిగా లైను, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద లైనును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు). నిజంగా 120 వాట్ల బార్ అయితే 10 ఆంపియర్లు లాగుతుంది, 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 స్క్వేర్ ఎంఎం వైరు సరిపోతాయి. రిలే స్విచ్చు లైను హైబీమ్ నుంచి తీసుకుంటే హెడ్‌లైట్ డిమ్ చేయగానే బార్ కూడా ఆరిపోతుంది.

ఈ ఒక్క పని చేయకుండా శ్రీకాకుళం హైవే మీద బార్లు వేసుకుని ఎదురొచ్చేవాళ్ళుంటారు చూడండి, వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎదురుగా బైకు మీద వచ్చేవాడికి రోడ్డు కనబడాలా వద్దా? 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది ఇదే చెప్తుంది: 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు రాకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి. మీ థార్ టాపే 1.8 మీటర్లు దాటి ఉంటుంది. ఇక దాన్ని దూరం వెలిగేలా పెడితే ఎదుటివాడి కంట్లో పడక ఎక్కడికి పోతుంది? అందుకే తారురోడ్డు మీద కవరు తీయకండి. బార్‌తో పాటు కవరు ఇవ్వకపోతే సీటు కవర్లు కుట్టేవాడి దగ్గర నల్ల రెక్సిన్‌తో కుట్టించుకోండి, పెద్ద ఖర్చేం కాదు.