పర్యావరణం–సమాజం మీద పీజీ: అప్పు ఎంత వరకు చేయవచ్చు?

ప్రశ్న: కైకలూరు దగ్గర ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. నెలకు 42 వేలు చేతికొస్తాయి. వేరే ఆదాయం లేదు. మా అమ్మాయి బీఏ చివరి సంవత్సరం. పర్యావరణ పరిరక్షణలో ప్రజలు, జీవనోపాధులు, చట్టాలు, ఈ వైపు పీజీ చేస్తానంటోంది. బయటి రాష్ట్రంలో ఒక యూనివర్సిటీలో రెండేళ్లకు ఫీజు, హాస్టల్ కలిపి 6 లక్షలు అవుతుందట. మా బావమరిది ‘ఆ చదువుకు ఉద్యోగాలెక్కడున్నాయి బావా’ అంటున్నాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో ఇల్లు తనఖా పెడితే 30 లక్షల లోన్‌తో యూకేలో ఏడాదిలో పూర్తవుతుందంటున్నారు. పెళ్లికని దాచిన 4.5 లక్షల ఎఫ్‌డీ, 10 కాసుల బంగారం ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయిని ఆ చదువుకే పంపండి. ఇల్లు మాత్రం తనఖా పెట్టకండి.

కొల్లేటి ఒడ్డున ఉన్న మీకు ఈ చదువు అవసరం వేరేవాళ్లు చెప్పాల్సిన పని లేదు. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత వరకు, అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత చాలా చోట్ల మళ్లీ చెరువులు లేచాయి. కాంటూరు గీత ఎక్కడ పోతుందో సర్వేయరు చూపించగలడు. కానీ ఆ గీత లోపల జిరాయితీ (సొంత భూమి) పట్టా ఉన్న రైతు, మత్స్యకారుల సొసైటీ చెరువు మీద బతికే మత్స్యకారుడు, వందల ఎకరాలు లీజుకు పట్టిన పెట్టుబడిదారు ఉంటారు. ముగ్గురి నష్టమూ ఒకటి కాదు, ముగ్గురికీ ఒకే పరిహారం పనికిరాదు. ఆ సంగతి విప్పి చెప్పేవాళ్లు లేకపోతే సరస్సూ బాగుపడదు, జనమూ బాగుపడరు. మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్నది ఆ పనే. అది చిన్న కోరిక కాదు.

ఉద్యోగాలు లేవన్న మాట నిజం కాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం చాలా ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా జరగాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలతో పని ఉంటుంది. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం నడిపే రైతు సాధికార సంస్థ ఉంది. వాటర్‌షెడ్ (వాన నీటిని, నేలను కాపాడే పనులు), ఉమ్మడి భూముల మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలున్నాయి. మార్కెట్ విలువలో ముందున్న 1,000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, సమాజం పట్ల తమ బాధ్యతపై ఏటా నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది. ఆ విభాగాల్లోకీ ఈ చదువు వాళ్లను తీసుకుంటారు. అయితే మీ బావమరిది భయంలో ఒక నిజం ఉంది. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతంలా ఉండదు. చాలా పోస్టులు ప్రాజెక్టు ఉన్నంత కాలమే ఉంటాయి. ఒకటి ముగిసి ఇంకొకటి దొరికేలోపు రెండు మూడు నెలలు ఖాళీ రావచ్చు.

అందుకే బ్యాంకు ఎంత ఇస్తుందన్నది పక్కన పెట్టి, అమ్మాయి మొదటి జీతం ఎంత ఈఎంఐ మోయగలదో అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి. జాగ్రత్త కోసం మొదటి జీతం 30 వేలే అనుకుందాం. అందులో ఐదో వంతు, అంటే 6 వేలు దాటి ఈఎంఐ ఉండకూడదు. యూకే లోన్ 30 లక్షలకు 10 శాతం వడ్డీతో పదేళ్లకు నెలకు దాదాపు 40 వేలు కట్టాలి. చదువుకునే కాలంలో పెరిగే వడ్డీ ఇందులో కలపనే లేదు. అక్కడ ఉద్యోగం కుదరక ఇంటికొస్తే ఆ ఈఎంఐ మీ జీతం మీద, మీ ఇంటి మీద పడుతుంది. ఆ మాట ఇక మరిచిపోండి.

ఇక్కడి చదువుకు 4 లక్షల లోన్ చాలు. బ్యాంకుల మోడల్ విద్యా రుణ పథకంలో 4 లక్షల వరకు మార్జిన్ సొమ్ము, అంటే మీ వాటా, పెట్టక్కర్లేదు, తనఖా అడగరు. మీరు సహ రుణగ్రహీతగా సంతకం పెడితే సరిపోతుంది. సెమిస్టర్‌కు లక్ష చొప్పున నాలుగుసార్లు విడుదలవుతుందనుకోండి. చదువు రెండేళ్లు, ఆపై మరో ఏడాది మారటోరియం, అంటే ఈఎంఐ కట్టక్కర్లేని గడువు. ఈ మూడేళ్లలో 10 శాతం చొప్పున వడ్డీ సుమారు 90 వేలు అవుతుంది. దాన్ని కట్టకుండా వదిలేస్తే అసలులో కలిసి అప్పు 4.9 లక్షలై, పదేళ్లకు ఈఎంఐ 6,475 దాకా పోతుంది. ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేస్తే ఈఎంఐ 5,286 దగ్గర ఆగుతుంది. మొదటి సెమిస్టర్‌లో ఆ వడ్డీ నెలకు 833 రూపాయలే. నాలుగో సెమిస్టర్‌కు 3,333 అవుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇప్పుడు కట్టే 90 వేలు తర్వాత 1.4 లక్షల భారం తగ్గిస్తాయి.

ఇక ఎఫ్‌డీ. మీది ప్రైవేటు ఉద్యోగం కాబట్టి 1.5 లక్షలు ఇంటి అత్యవసరాలకు అలాగే ఉంచండి. 2 లక్షలు హాస్టల్, మెస్‌కు వాడండి. మిగిలిన లక్ష పైన చెప్పిన వడ్డీకి సరిపోతుంది. బంగారం ముట్టుకోకండి. మీరు లెక్కలో వేసుకోని ఖర్చు ఒకటుంది: ఫీల్డ్ వర్క్. ఈ చదువులో ఊళ్లకు వెళ్లి, అక్కడే ఉండి, జనంతో మాట్లాడి రాయాలి. బస్సు చార్జీలు, బస, రికార్డింగుకు మంచి ఫోన్, ల్యాప్‌టాప్ అన్నీ కలిపి మరో 50 వేలు పడతాయి. నెలకు 2 వేలు మీ జీతంలోంచి ఇప్పటి నుంచే విడిగా వేయండి.

పెళ్లి సొమ్ము చదువుకు వాడటం మీకు కష్టంగానే ఉంటుంది. రేపు తన జీతం మీద తాను నిలబడే అమ్మాయికి ఆ డబ్బు ఇప్పుడు అందడమే మేలని నా గట్టి నమ్మకం.

కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కూడా చూడండి. ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే తనఖా, హామీదారు లేకుండా లోన్ ఇస్తారు. మీలా ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. రాయితీ ఏడాదికి లక్ష మందికే పరిమితం, ప్రభుత్వ సంస్థల్లో సాంకేతిక, వృత్తి కోర్సులు చదివేవారికి ప్రాధాన్యం ఇస్తారు. కాబట్టి వస్తే మంచిదే గానీ దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి. మీ అమ్మాయికి సీటొచ్చే యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో మాత్రం పథకం పోర్టల్‌లో ముందే చూసుకోండి. విద్యా రుణం మీద కట్టే వడ్డీకి మినహాయింపు ఉంది, ఆదాయపు పన్ను ఆదా అవుతుందని బ్యాంకులో చెప్పవచ్చు. అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. కొత్త విధానంలో మీ ఆదాయానికి అసలు పన్నే పడదు, కాబట్టి ఆ మాటకు లోన్ పెంచుకోవద్దు.

ఆ ఒక్క యూనివర్సిటీనే పట్టుకోకండి. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో పర్యావరణం, వాతావరణ మార్పు, సుస్థిరత మీద పీజీ ఉంది. దానికి ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. బెంగళూరు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ డెవలప్‌మెంట్ పీజీకి కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు, వసతిలో సాయం చేస్తుంది. అక్కడ సీటొచ్చి సాయం కూడా అందితే 4 లక్షల అప్పు సగానికి పడిపోవచ్చు. ఎక్కడ చేరినా ఆ డిగ్రీతో యూజీసీ నెట్‌లో (లెక్చరర్ అర్హత, పరిశోధన ఫెలోషిప్‌ల పరీక్ష) ఏ సబ్జెక్టు రాయవచ్చో చేరకముందే అడిగించండి. ఆ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37 వేల ఫెలోషిప్ ఉంటుంది, అది ఈఎంఐని హాయిగా మోస్తుంది.

అడ్మిషన్ లెటర్ వచ్చాక బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఫీజు వివరాలు సెమిస్టర్ల వారీగా ఉన్న కాగితం అడిగి తీసుకెళ్లండి. లోన్‌తో పాటు బీమా పాలసీ తప్పనిసరి అంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమనండి. అమ్మాయి పేరున లోన్ మొత్తానికి సరిపడా మామూలు టర్మ్ పాలసీ ధర బయట కూడా కనుక్కొని, ఏది చౌకైతే అదే తీసుకోండి.