దారి ఎంచుకునే చదువుకు ఉద్యోగాలు ఉన్నాయా?

ప్రశ్న: మాది విశాఖలో గాజువాక. బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇదే ఊళ్లో మధురవాడలో ఉండే స్నేహితురాలి ఇంటి ఐపీ చిరునామాకు ట్రేస్‌రూట్ (డేటా ఏయే రౌటర్ల మీదుగా వెళ్తుందో చూపే కమాండ్) కొట్టి చూస్తే దారి చెన్నై మీదుగా చూపించింది. మధ్యలో రెండు వరుసల్లో నక్షత్రం గుర్తులే వచ్చాయి. మన డేటా ఏ దారిన వెళ్లాలో మనమే ఎంచుకునే పద్ధతుల మీద పనిచేయాలని ఉంది. నాన్నగారేమో ‘అదేం ఉద్యోగం, కోడింగ్ నేర్చుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నక్షత్రాల సంగతి. అక్కడ డేటా పోయిందని కాదు, ఆ రౌటర్ మీ ఆరాకు జవాబివ్వలేదు, అంతే. ట్రేస్‌రూట్ చూపేది వెళ్లే దారినే. వచ్చే దారి వేరుగా ఉండవచ్చు. ఊరి పేరును కూడా ఐపీ చిరునామాను బట్టి అంచనా వేస్తారు కాబట్టి పూర్తిగా నమ్మకండి.

ఇక చెన్నై ఎందుకంటే, మీ రెండు ఇళ్ల నెట్ కంపెనీలు విశాఖలో ఒకదానితో ఒకటి కలవకపోతే అవి కలిసే ఊరిదాకా డేటా వెళ్లి రావలసిందే. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కు ఎన్‌ఏడీ మీదుగా ఒక బస్సు, సింధియా మీదుగా ఒక బస్సు ఉంటే బోర్డు చూసి ఎక్కుతాం. ఇంటర్నెట్‌లో ప్రయాణికుడికి ఆ బోర్డు కనిపించదు. నెట్‌వర్కుల మధ్య దారి తేల్చేది బీజీపీ అనే నియమావళి. అందులో దూరం కన్నా ముందు ఒప్పందాలు పనిచేస్తాయి: ఎవరికి అప్పగిస్తే డబ్బు వస్తుంది, ఎవరికి అప్పగిస్తే పోతుంది. పైగా పొరుగు నెట్‌వర్కు చెప్పిందే నమ్మే పాత అలవాటు ఒకటి. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపబోతే, ఆ చిరునామాలకు దారి తమ వైపేనన్న ప్రకటన దేశం దాటి పాకింది. సుమారు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ అందలేదు.

మీరు ఆశపడుతున్న పద్ధతికి గట్టి ఉదాహరణ సియాన్ అనే కొత్త తరహా ఇంటర్నెట్ నిర్మాణం. 2009లో కార్నెగీ మెలన్‌లో ఏడ్రియన్ పెరిగ్ బృందం మొదలుపెట్టిన ఈ పని తర్వాత జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌లో పెరిగింది. స్విట్జర్లాండ్ బ్యాంకుల మధ్య నడిచే ఒక నెట్‌వర్కు ఇప్పుడు దీని మీదే ఉంది. ఇందులో కూడా మనకు దొరికేది పూర్తి స్వేచ్ఛ కాదు. నెట్‌వర్కులు తెరిచి ఉంచిన దారుల్లోంచి ఒకటి ఎంచుకోవడమే. అయినా అది చిన్న మార్పు కాదు.

ఇప్పటికి దారి ఎంచుకునే వీలు ఇళ్లకన్నా ఎక్కువగా కంపెనీల చేతిలో ఉంది. వంద శాఖలున్న బ్యాంకు ఏ లింకు మీద ఏ ట్రాఫిక్ పంపాలో ఎస్‌డీ-వ్యాన్‌తో (శాఖల లింకులను సాఫ్ట్‌వేర్‌తో నడిపే పద్ధతి) నిర్ణయిస్తుంది. టెలికాం సంస్థలు తమ లోపలి దారులను సెగ్మెంట్ రౌటింగ్‌తో (డేటా ప్యాకెట్ మీదే దారి రాసి పంపే పద్ధతి) నడుపుతాయి. ఉద్యోగాలు ఉన్నది అక్కడ. నెట్ కంపెనీల్లో, రౌటర్లు తయారుచేసే కంపెనీల బెంగళూరు కార్యాలయాల్లో, డేటా సెంటర్లలో అడిగేది ఇదే. విశాఖలో 5 ఏళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని, సముద్ర కేబుళ్లు కూడా ఇక్కడికి తెస్తామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. సంతోషమే, కానీ డేటా సెంటర్ భవనం ఎంత పెద్దదైనా లోపల పనిచేసేవాళ్లు తక్కువే. ఆ ఒక్కదాన్ని నమ్ముకుని కూర్చోకండి.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి రెజ్యూమెలో ‘భవిష్యత్ ఇంటర్నెట్ రౌటింగ్’ అని పెద్దక్షరాల్లో రాసుకున్నాడు. ఇంటర్వ్యూలో స్లాష్ 26 సబ్‌నెట్‌లో (ఐపీ చిరునామాల గుంపులో) ఎన్ని చిరునామాలని అడిగితే తడబడ్డాడు. 64 అని చెప్పడానికి రెండు సెకన్లు చాలు! ఉన్న ఇంటర్నెట్‌ను క్షుణ్ణంగా తెలిసినవాడే దాన్ని మార్చే పనికి పనికొస్తాడు.

కాబట్టి సియాన్‌ను ఇష్టంగా చదవండి, బీజీపీని మాత్రం కష్టపడి చదవండి. ఆసియా-పసిఫిక్‌లో ఐపీ చిరునామాలు పంచే ఏపీనిక్ సంస్థ అకాడమీలో ఉచిత పాఠాలున్నాయి. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, కంప్యూటర్‌ను రౌటర్‌లా పనిచేయించే ఎఫ్ఆర్ఆర్ సాఫ్ట్‌వేర్‌తో మూడు రౌటర్లు నిలబెట్టి ఒక లింకు తెంచండి. దారి మారడానికి ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. పరిశోధన వైపు మనసు లాగితే గేట్ రాసి ఐఐటీల్లోనో ఐఐఎస్సీలోనో నెట్‌వర్కింగ్ ప్రయోగశాలలు చూసుకోవచ్చు.

మీ నాన్నగారి మాట కూడా తీసిపారేయకండి. సియాన్ అసలు కోడ్ ఎక్కువగా గో భాషలో ఉంది. రౌటర్లను ఒక్కొక్కటిగా చేత్తో సరిచేసే రోజులు తగ్గిపోయాయి, పైథాన్ రాని నెట్‌వర్క్ ఇంజనీరుకు ఇప్పుడు ఇబ్బందే. కోడింగ్ నేర్చుకుంటున్నానని ఆయనకు చెప్పండి, అది అబద్ధం కాదు.

ఈలోగా మీ స్నేహితురాలిని అటునుంచి మీ చిరునామాకు ట్రేస్‌రూట్ కొట్టమనండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి, దారి ఎక్కడ విడిపోయిందో గుర్తు పెట్టి నాకు పంపండి.