రాయి ఎత్తే ముందు

చిన్నీ,

నువ్వు వాగు రాళ్ళ కింద బతికే స్కల్పిన్ చేపల మీద పని చేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచీ ఒకటే సంబరం, ఒకటే గుబులు. వేలెడంత ఒళ్ళు, దానికి పొంతన లేని పెద్ద తల, పొలుసుల్లేని జిగురు చర్మం. ఆ చేపను చూసి మొహం చిట్లించే వాళ్ళను పట్టించుకోకు.

బూట్లు, థర్మామీటరు సంగతి నీకు చెప్పక్కర్లేదు. వల మాత్రం రాయికి దిగువన, నేలకు ఆనించి పట్టుకో. దీనికి ఒంట్లో గాలితిత్తి లేదు, నీళ్ళలో తేలి నిలవలేదు. రాయి కదిపితే నేలను అంటుకునే పరిగెడుతుంది. పగలు దాక్కుని, చీకట్లో పురుగుల లార్వాల కోసం బయటికొస్తుంది. 20 సెంటీమీటర్ల మెట్టు అడ్డొచ్చినా ఎగువకు పోలేదు, అందుకని వాగులో ప్రతి చిన్న అడ్డుకట్టనూ రాసిపెట్టు.

ఇక వసంతం సంగతి. ఇది నిదానంగా చదువు. మాతో పనిచేసిన ఒక కుర్రాడు, చురుకైనవాడే, గబగబా రాళ్ళు తిరగేసి, లెక్క రాసుకుని, ఎలా పడితే అలా వదిలేసేవాడు. ఆడచేప ఒళ్ళు తలకిందులు చేసుకుని రాయి అడుగుభాగానికి గుడ్లు అంటిస్తుంది. ఒకే రాయి కింద రెండు మూడు ఆడచేపల గుడ్లూ ఉండొచ్చు. ఆ తర్వాత కాపలా అంతా మగదే. వారాల తరబడి అక్కడే ఉండి, పెద్ద రెక్కలతో గుడ్లకు నీళ్ళు విసురుతుంది. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే పిల్లలు బయటికి రావడం అంత ఆలస్యం. కుర్రాడు వదిలేసిన ఒక రాయి మీద ఆ గుడ్ల నారింజరంగు ముద్ద ఆకాశం వైపు తిరిగి ఉంది. చిన్న ట్రౌట్ చేపలు దాన్ని పొడుచుకు తింటున్నాయి. తల నల్లబడిన మగచేప పక్క రాయి దగ్గరే ఉంది, పారిపోలేదు. నాకు ఏడుపొచ్చింది. అతణ్ణి గట్టిగానే తిట్టాను.

గుడ్ల కాలంలో రాళ్ళ జోలికి పోకు. తప్పనిసరైతే ఒక్క అంచు ఎత్తి చూసి, ఏ ముఖం కిందుందో ఆ ముఖమే కిందకు వచ్చేలా అదే గుంటలో మెల్లగా దించు. ఎంత ఆలస్యమైనా సరే.

ఒంటరిగా మాత్రం నీళ్ళలో దిగకమ్మా. పాచి పట్టిన రాయి ఎవరినీ వదలదు. చల్లటి నీళ్ళలో వేళ్ళు కొయ్యబారితే గట్టు పట్టుకోవడం కూడా చేతకాదు. తోడు ఎవరొస్తున్నారో దిగే ముందు రోజే నాకు రాసి పంపు.

మీ పెద్దమ్మ